గోడమీది పెట్టెకు తాళం

కర్టిస్ హాగెన్ నలభై నాలుగో ఏట ఉద్యోగం మానేసి, ఆ రోజు నుంచీ ఇంట్లో కూర్చుని భార్య ప్రాణం తోడెయ్యడం మొదలుపెట్టాడు. డబ్బు లేక కాదు. ఇద్దరూ బతికినంత కాలం కాలు మీద కాలేసుకుని తినేంత వెనకేసుకున్నాకే మానేశాడు. ఆర్నెల్లకి లోర్నా చేత కూడా ఓడరేవు ఆఫీసులో ఉద్యోగం మాన్పించాడు.

పదిహేనేళ్లు ఇద్దరూ కలిసే పీనాసితనం చేశారు. ఆ మాట దాచడానికేం లేదు. ప్లాస్టిక్ సంచులు కడిగి వంటింట్లో దండెం మీద ఆరేసింది లోర్నాయే. మొగుడి జుట్టు కత్తిరించిందీ, అరిగిపోయిన సబ్బు ముక్కల్ని కలిపి ముద్ద చేసిందీ ఆవిడే. అప్పట్లో అందులో ఒక సరదా ఉండేది. వీధిలో వాళ్లంతా కొత్త కార్లు కొని వాయిదాలు కట్టుకుంటూ ఉంటే, తామిద్దరే జైలు గోడ దాటడానికి గుట్టుగా సొరంగం తవ్వుతున్నట్టు రాత్రిళ్లు పక్క మీద నవ్వుకునేవాళ్లు.

తీరా గోడ దాటాక అవతల కర్టిస్‌కి చెయ్యడానికి పనేమీ లేకపోయింది. చేతనైంది పొదుపొక్కటే కాబట్టి దాన్నే పట్టుకుని వేలాడాడు. స్నానాల గది తలుపు దగ్గర నిలబడి నీళ్లు ఎంతసేపు పారుతున్నాయో వినేవాడు. టీ సంచిని రెండోసారి ముంచిందో లేదో చెత్తబుట్టలో వెతికేవాడు. ఏ వస్తువైనా కొనాలనిపిస్తే ముప్ఫై రోజులు ఆగాలని వాళ్లింట్లో పాత నియమం ఒకటుంది. మొన్న డిసెంబరులో లోర్నా బూటుకి చిల్లు పడితే, ఆ ముప్ఫై రోజులూ ఆవిడ చిల్లుబూటుతోనే మంచులో తిరిగింది. "నియమం పెట్టుకుంది ఇద్దరమేగా," అన్నాడు కర్టిస్, తడిసిన మేజోడు పిండుకుంటున్న భార్యని చూసి. మనిషన్నవాడు అనే మాటేనా అది?

వీటన్నిటినీ మించింది ఇంట్లో వేడిని పెంచి తగ్గించే థర్మోస్టాట్. అమెరికా ఉత్తరపు కొసనున్న డులూత్‌లో చలి సంగతి వేరే చెప్పాలా. జనవరి వచ్చేసరికి సుపీరియర్ సరస్సు అంచులు గడ్డకట్టి, గాలి ఊరున్న కొండ మీదికి ఎగబాకి వీధుల్లోకి దూరి తలుపుల సందులు వెతుక్కుంటుంది. అలాంటి ఊళ్లో కర్టిస్ ఇంటి లోపలి వేడి ఫారన్‌హీట్ యాభై ఎనిమిది దాటనిచ్చేవాడు కాదు. అంటే మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయన్నమాట. హాల్లో గోడమీది థర్మోస్టాట్ చుట్టూ గాజులాంటి ప్లాస్టిక్ పెట్టె బిగించి, దానికి తాళం వేసి, తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకున్నాడు. పెట్టె ఎవరో పారేసింది. దారం బూటుది.

"చలేస్తోంది కర్టిస్."

"ఇంకో స్వెట్టరు వేసుకో."

"మూడు వేసుకున్నా."

"నాలుగోది బీరువాలో ఉందిగా. అయినా పగలంతా ఇంట్లో కూర్చోవడం ఎందుకు? లైబ్రరీకి పో. అక్కడి వేడికి మన చేతి డబ్బు పడదు."

అలా లోర్నా రోజూ లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టింది. కర్టిస్ దాన్ని గొప్పగా తన వెబ్‌సైటులో రాసుకున్నాడు. తన భార్య పగలంతా లైబ్రరీలో వెచ్చగా చదువుకుంటోందనీ, ఆ పూటకి ఇంట్లో వేడి ఇంకా తగ్గిస్తున్నాననీ, తొందరగా ఉద్యోగాలు మానెయ్యాలనుకునే వాళ్లంతా ఈ చిట్కా పాటించాలనీ. ఆ వెబ్‌సైటు చదివి ఆయన్ని మెచ్చుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

లోర్నా లైబ్రరీకి వెళ్లింది మాత్రం ఎనిమిది రోజులే. తొమ్మిదో రోజున దారిలో ఆర్విడ్ బెర్గ్ హార్డ్‌వేరు దుకాణం తలుపుకి 'పనికి మనిషి కావాలి' అన్న అట్ట వేలాడుతోంది. తలుపు తెరుచుకున్నప్పుడు లోపల్నించి వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. ఆవిడ లోపలికి వెళ్లింది. డెబ్భై దాటిన ఆర్విడ్ ఆవిణ్ని ఎగాదిగా చూసి, ఎర్ర ఏప్రన్ ఒకటి విసిరాడు.

"రంగులు కలపడం వచ్చా?"

"రాదు."

"తాళంచెవులు కోయడం?"

"రాదు."

"అబద్ధమాడవన్నమాట. కట్టుకో."

వారం తిరిగేసరికి ఆవిడకి రెండూ వచ్చాయి. రంగుల కంటే తాళంచెవులంటేనే ఇష్టం. అసలు చెవిని ఒక బిగింపులో, కొత్త రేకుని ఇంకో బిగింపులో పెట్టి మీట నొక్కితే, అసలుదాని గాట్ల వెంబడే మిషను కొత్తదాన్ని కోసుకుంటూ పోతుంది. ఇత్తడి పొడి రాలుతుంది. అంచుల్ని బ్రష్షుకి ఆనించి నున్నగా చేసి ఇస్తే, వేడివేడిగా ఉన్న ఆ చెవిని జనం జేబులో వేసుకుని థాంక్స్ చెప్పి వెళ్తారు. ఎంతసేపు కోసింది, ఎంత కరెంటు అయింది అని ఒక్కరూ అడగరు. సాయంత్రానికి కాళ్లు పీకేవి. ఆ పీకుడు కూడా ఆవిడకి బాగుండేది. దుకాణం పైన ఒక గది ఖాళీగా ఉందనీ, అద్దెకి ఎవరైనా ఉంటే చెప్పమనీ ఆర్విడ్ రెండు మూడుసార్లు అన్నాడు. సరే చూస్తానంది.

ఇది ఇంట్లో చెప్పొచ్చు కదా అనొచ్చు ఎవరైనా. వాళ్లకి రోలండ్ సంగతి తెలియదు.

తొందరగా ఉద్యోగాలు మానేసిన పది పన్నెండు మంది నెలకోసారి ఎవరింట్లోనో చేరి, తలా ఒక వంటకం తెచ్చుకుని తింటారు. ఆ నెలలో ఎవరెంత గొప్పగా పొదుపు చేశారో చెప్పుకుంటారు. గెలిచినవాళ్లకి చెత్తలో దొరికిన వంకర గరిటె ఒకటి బహుమానం. మొదట్లో నవ్వులాటగానే ఉండేది. తర్వాత తర్వాత ఆ గరిటె కోసం పళ్లు కొరుక్కోవడం మొదలైంది. కిందటి వేసవిలో రోలండ్ బెస్కీ దాన్ని గెల్చుకునేలా ఉన్నాడు. అప్పుడు కర్టిస్ లేచి, రోలండ్ భార్య ఇవెట్ పళ్ల డాక్టరు దగ్గర ఇంకా పనిచేస్తోందని అందరి ముందూ బయటపెట్టాడు.

"నువ్వు రిటైరవలేదోయ్. పెళ్లాం ఊళ్లోవాళ్ల పళ్లు తోమి తెస్తుంటే కూర్చుని తింటున్నావు. దానికి వేరే పేరుంది," అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. లోర్నా కూడా నవ్వింది. ఇవెట్ ఆవిడ వైపే చూస్తూ ఉండగా నవ్వింది. ఆ తర్వాత బెస్కీలు రావడం మానేశారు. ఆ గుంపులో దొంగతనం చేస్తే క్షమిస్తారేమో గానీ, రిటైరయ్యామని చెప్పుకుని గుట్టుగా జీతం తెచ్చుకుంటే క్షమించరు.

ఫిబ్రవరిలో ఒక బుధవారం, లోర్నా తలవంచుకుని చెవి కోస్తూ ఉంటే కౌంటరు మీద ఎవరో నాణెంతో టకటకలాడించారు. తలెత్తి చూస్తే రోలండ్.

ఆయన ఆవిడ మొహం చూశాడు, ఏప్రన్ చూశాడు, మళ్లీ మొహం చూశాడు.

"లైబ్రరీలో ఇప్పుడు తాళంచెవులు కూడా అరువిస్తున్నారా?"

లోర్నా మిషను ఆపింది. "రోలండ్, దయచేసి..."

"మీ ఆయన రాసేవన్నీ చదువుతూనే ఉంటాలే. ఏం చదువుతున్నావు ఈ మధ్య?"

"నీకేం కావాలి?"

"గరాజు తాళానికి చెవి కావాలి. అయినా తొందరేం లేదు." కౌంటరు మీదికి వంగాడు. "శనివారం విందు మీ ఇంట్లోనే కదూ? వస్తున్నా."

"నేను నీకేం చేశాను?"

"నవ్వావు. ఇవెట్ ఆ రాత్రంతా పడుకోలేదు. నీ నవ్వు గురించే చెప్పింది, మీ ఆయన మాట గురించి కాదు."

లోర్నా తలదించుకుని చెవి కోసిచ్చింది. మొదటిదానికి ఒక గాటు లోతుగా పడి, మళ్లీ కొత్త రేకు తీసి కోయాల్సి వచ్చింది. రోలండ్ తీరిగ్గా నిలబడి చూశాడు.

ఆ మూడు రోజులూ ఆవిడ తేలు కుట్టిన దొంగలా తిరిగింది. తానే ముందు చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా తెచ్చుకుంది. ఒకసారి కర్టిస్ ఓట్స్ జావ గిన్నెని వేలితో నాకుతున్నాడు. ఇంకోసారి, బాత్రూములో కాగితం ఈ వారం ఎక్కువ అయిందేమిటని అడుగుతున్నాడు. ఆ మనిషితో ఏం చెప్పబుద్ధవుతుంది? చెబితే మానెయ్యమంటాడు. మానేస్తే ఈ హాలూ, ఈ స్వెట్టర్లూ, ఈ మనిషీ. ఇంకో నలభై ఏళ్లు.

శనివారం సాయంత్రం అందరూ వచ్చారు. ఎవరూ కోట్లు విప్పలేదు. విప్పకుండానే ఇంటి చలిని మెచ్చుకున్నారు. "మా ఇంట్లో అరవై, సిగ్గేస్తోంది," అంది నోరీన్. ఆ గుంపులో అందరికంటే పెద్దావిడ, యాభై ఒకటికే బడిపంతులు ఉద్యోగం వదిలేసిన మనిషి. ముక్కు చివర ఎర్రబడి ఉంది. కర్టిస్ మెడలోని తాళంచెవిని చొక్కా మీదికి తీసి వేసుకుని, పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. బల్ల మీద రాజ్మా కూర నాలుగు గిన్నెల్లో నాలుగు రకాలుగా ఉంది.

అందరికంటే ఆఖర్న రోలండ్ వచ్చాడు, ఒంటరిగా. చేతిలో దుకాణంలో కొన్న యాపిల్ పై డబ్బా. ధర కాగితం కూడా తియ్యలేదు. తగ్గింపు ధర కూడా కాదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని చచ్చిన ఎలకని చూసినట్టు చూశారు.

"ఇంకా జీతమొస్తోందా ఇంటికి?" అన్నాడు కర్టిస్.

"వస్తోంది. ఒక్క మా ఇంటికేనా?"

లోర్నా చేతిలో పళ్లెం కింద పెట్టేసింది.

భోజనాలయ్యాక గొప్పలు మొదలయ్యాయి. ఒకరు నెలంతా షాంపూ లేకుండా గడిపారు. ఇంకొకరు పొరుగింటి చెత్తలోంచి కుర్చీ తెచ్చుకున్నారు. కర్టిస్ తన లైబ్రరీ చిట్కా చెప్పి, దానివల్ల ఇంటి గ్యాసు బిల్లు ఎలా కుంగిపోయిందో వివరించాడు. నోరీన్ వంకర గరిటె తెచ్చి ఆయన చేతిలో పెట్టబోయింది.

"ఒక్క మాట," అన్నాడు రోలండ్. "గరిటె ఆవిడకివ్వండి. రోజూ కష్టపడుతున్న మనిషి ఆవిడ."

"చదువుకోవడం కష్టమేంటోయ్?" కర్టిస్ నవ్వాడు.

"ఆర్విడ్ బెర్గ్ దుకాణంలో ఎర్ర ఏప్రన్ కట్టుకుని తాళంచెవులు కోస్తోంది. బుధవారం నాకూ ఒకటి కోసిచ్చింది. బాగానే కోసింది, రెండోసారికి." జేబులోంచి ఆ చెవి తీసి రాజ్మా గిన్నెల మధ్య పెట్టాడు. "నువ్వు రిటైరవలేదు కర్టిస్. దానికి వేరే పేరుంది. నువ్వే చెప్పావు."

కర్టిస్ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. భార్య వైపు తిరిగాడు.

"అబద్ధమని చెప్పు."

"నిజమే," అంది లోర్నా. "నవంబరు నుంచి."

ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. "అంటే లైబ్రరీ కథంతా బూటకమా?" అన్నారెవరో. "నేను మా ఆవిణ్ని కూడా లైబ్రరీకి పంపించానురా నాయనా," అన్నారు ఇంకెవరో, అక్కసుగా. నోరీన్ గరిటెని ఒళ్లోకి లాక్కుంది.

కర్టిస్ పళ్లు నూరుకుంటూ, గొంతు పెంచకుండా మాట్లాడాడు. ఆ గొంతు లోర్నాకి తెలుసు. బిల్లులు చదివేటప్పటి గొంతు.

"నీకు డబ్బు తక్కువైందా?"

"లేదు."

"మరెందుకు? నా పరువు తియ్యడానికా?"

"చలేసింది."

"చలేస్తే ఉద్యోగంలో చేరతారా ఎవరైనా? ఇదిగో, అందరి ముందే చెబుతున్నా. సోమవారం వెళ్లి మానేస్తున్నానని వాడికి చెప్పు. ఇప్పుడే, వీళ్లు వింటుండగా చెప్పు, మానేస్తానని."

అందరూ ఆవిడ వైపు చూశారు. రోలండ్ కూడా చూశాడు. అతని కళ్లలో పగ తీరిన సంతోషం కనపడింది. వేసవిలో ఇవెట్ ఎలా నిలబడి ఉందో లోర్నాకి అప్పుడు గుర్తొచ్చింది, ఇదే బల్ల దగ్గర, ఇలాగే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

లోర్నా చేతులు కోటు జేబులో పెట్టుకుంది. లోపల వెతికింది. తర్వాత నడిచి హాల్లో గోడ దగ్గరికి వెళ్లింది. జేబులోంచి తాళంచెవి తీసి ప్లాస్టిక్ పెట్టె తాళంలో పెట్టి తిప్పింది. పెట్టె మూత తెరుచుకుంది. థర్మోస్టాట్ డెబ్భై మీద పెట్టింది.

కింద నేలమాళిగలో ఇంటిని వేడిచేసే ఫర్నేసు దగ్గి, మండింది.

కర్టిస్ చెయ్యి గబుక్కున మెడ దగ్గరికి పోయింది. దారం ఉంది. చెవి ఉంది. దాన్ని పట్టుకుని, భార్య చేతిలో ఉన్న దాన్ని చూశాడు.

"అది కోయించడానికి ఎంతైంది?" అన్నాడు.

అదీ ఆయన మొదటి ప్రశ్న. ఎప్పుడు అని కాదు. ఎందుకు అని కాదు.

"ఊరికే వచ్చింది," అంది లోర్నా. "చేరిన మొదటి వారంలో. మధ్యాహ్నం నువ్వు దారం తీసి పెట్టి పడుకుంటే పట్టుకెళ్లి, నువ్వు నిద్ర లేవకముందే తెచ్చి పెట్టేశా. గీతలు పడ్డ రేకు అది. ఆర్విడ్ పారెయ్యమన్నాడు."

"అంటే చలికాలమంతా నా వెనక..."

"ఒక్కసారి కూడా తియ్యలేదు." లోర్నా చెవిని తిరిగి జేబులో వేసుకుంది. "రోజూ ఇక్కడికొచ్చి నిలబడేదాన్ని, జేబులో చెవి పట్టుకుని. నువ్వే తీస్తావని చూశా. నా బూటు తడిసిన రోజున తీస్తావనుకున్నా. జ్వరమొచ్చిన రోజున తీస్తావనుకున్నా. నువ్వు స్వెట్టరు తెచ్చిచ్చావు."

నేలలోని జాలీల్లోంచి వెచ్చటి గాలి మొదలైంది. నోరీన్ రెండు చేతులూ మెల్లిగా జాలీ మీదికి చాపింది. తన వైపు కర్టిస్ చూస్తున్నాడని గమనించి వెనక్కి లాక్కుంది. కాసేపటికి మళ్లీ చాపింది. షాంపూ మానేసినాయన కోటు గుండీ ఒకటి విప్పాడు. మొహాలు మాత్రం మాడిపోయే ఉన్నాయి. వేడి తీసుకుంటూనే ఆవిణ్ని అసహ్యించుకోవడం వాళ్లకేం కష్టం కాలేదు.

"మానేస్తానని చెప్పవా అయితే?" అన్నాడు కర్టిస్.

"చెప్పను. సోమవారం ఎనిమిదింటికి పనుంది నాకు."

ఒక్కొక్కరే గిన్నెలు మూసుకుని వెళ్లిపోయారు. వచ్చే నెల మీ ఇంట్లోనా మా ఇంట్లోనా అని ఎవరూ అడగలేదు. రోలండ్ తలుపు దగ్గర ఆగాడు. ఏదో అనబోయాడు.

"ఇవెట్‌కి చెప్పు, నేను నవ్వకుండా ఉండాల్సిందని," అంది లోర్నా. "నీకు మాత్రం ఏమీ చెప్పను. పో."

ఆదివారమంతా కర్టిస్ గంటకోసారి థర్మోస్టాట్ తగ్గించాడు. లోర్నా గంటకోసారి వెళ్లి పెంచింది. ఇద్దరూ హాల్లో ఎదురుపడినప్పుడు గోడకి అతుక్కుని తప్పుకున్నారు.

సోమవారం పదింటికి దుకాణం తలుపు గంట మోగింది. సైకిలు మీద వచ్చినట్టున్నాడు, కర్టిస్ కనుబొమల మీద మంచు పట్టి ఉంది. ఊరి చివరి పెద్ద షాపులకి బస్సు ఛార్జీ అవుతుంది. అందుకే ఇక్కడికొచ్చాడు. ఆ మాత్రం ఆవిడ ఊహించగలదు. అయినా ఒక్క క్షణం, ఒక్క క్షణమే, వేరే పని మీద వచ్చాడేమో అనుకుంది. ఏప్రన్ సరిచేసుకుంది.

"చిన్న తాళం కావాలి," అన్నాడు, ముక్కూమొహం తెలియని మనిషితో మాట్లాడినట్టు. "ప్లాస్టిక్ పెట్టెకి పట్టేది."

"ముప్ఫై రోజులు ఆగవా?"

"ఇది అత్యవసరం."

"నా బూట్లు కాలేదు."

ఆవిడ వెనక్కి తిరిగి, కొక్కేనికి వేలాడుతున్న తాళాల్లోంచి సరిపడేది తీసి కౌంటరు మీద పెట్టింది. కర్టిస్ దాన్ని తిప్పి చూశాడు, ధర చూశాడు, మూతి ముడిచాడు. ఆ తర్వాత కొంచెం ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇక్కడ పనిచేసేవాళ్ల ఇంట్లోవాళ్లకి తగ్గింపు ఉంటుందటగా?"

నవ్వాలో ఏడవాలో ఆవిడకి తెలియలేదు. రెండూ చెయ్యలేదు.

"ఉంటుంది," అంది. "ఇంట్లోవాళ్లకి."

మిషను మీద పూర్తి ధర కొట్టింది. కాగితం చింపి ఇచ్చింది. కర్టిస్ అక్కడే నిలబడి దాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు.

"తగ్గించలేదు నువ్వు."

"లేదు." తాళాన్ని అతని వైపు తోసింది. "దానికి రెండు చెవులొస్తాయి. రెండూ నువ్వే ఉంచుకో."

అర్థమైందో లేదో, ఆయన చిల్లర లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూస్తే సైకిలు మంచులో జారుతూ కొండెక్కుతోంది. లోర్నా అది మలుపు తిరిగేదాకా చూసి, రంగుల డబ్బాల దగ్గరున్న ఆర్విడ్ వైపు తిరిగింది.

"పైగది ఇంకా ఖాళీయేనా?"

"ఖాళీయే. కిటికీలు పాతవి. హీటరు మాత్రం మంచిది."

"దాని తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

ఆర్విడ్ రంగు కలపడం ఆపి, కళ్లజోడు పైనుంచి చూశాడు.

"హీటరుకి తాళమేంటి అమ్మాయ్?"